బ్రెడ్డు మీద నీలి వేలిముద్ర

కిందటేడు మార్చి తొమ్మిది, ఆదివారం. ఆ పొద్దున నేను తిన్నది రెండు బ్రెడ్డు ముక్కలు. ఉడకబెట్టిన గుడ్డు కూడా ఉండేది గాని, దాన్ని నా చిన్ననాటి స్నేహితుడు డేగకన్ను వలుచుకుంటున్నాడు.

"నేరస్థుడు నా కన్నుగప్పిన దాఖలా చరిత్రలో లేదురా," అని ప్రకటించాడు.

ఆ చరిత్ర నాకు తెలుసు. ముప్ఫై ఏళ్లు పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేసి, రిటైరయ్యాక తనకు తానే డేగకన్నని పేరు పెట్టుకుని డిటెక్టివ్ అవతారమెత్తాడు. ఇంతవరకు ఛేదించిన కేసు ఒక్కటే, పోయిన తన కళ్లజోడు. అదీ నుదుటి మీదే ఉందని నేను చెప్పాక.

కోడలు అతని పళ్లెంలో బ్రెడ్డు పెట్టి, చెయ్యి చప్పున వెనక్కి దాచుకుంది. వారం రోజులుగా ఇదే వరస. నా భార్య ఉంటే అడిగేది. నాకు నోరు రాలేదు.

డేగకన్ను ముక్కను వెలుతురుకెత్తాడు. అంచున నల్లగా, నీలంగా వేలిముద్ర. చూశాడు, వాసన పీల్చాడు, నాకాడు. అప్పుడు లేచి నిలబడ్డాడు.

"విషం. ఈ ఇంటి మీద మృత్యువు నీడ పరుచుకుంది."

"విషమైతే నాకావెందుకురా?"

ఆ సంగతి అప్పుడే తట్టినట్టుంది. కుర్చీలో కూలబడ్డాడు. "నాలుక మొద్దుబారుతోంది. ఈ బ్రెడ్డు అమ్మిన బేకరీ ముఠాను వదలొద్దు."

"ముఠా ఏమిట్రా, ఉండేది ఆ బేకరీవాడూ వాళ్లావిడేగా."

"ఇద్దరు చాలు."

కోడలు పరుగున వెళ్లి, పక్కింట్లో ఉండే ఆస్పత్రి నర్సమ్మను తెచ్చింది. ఆవిడ నాడి చూసి, నాలుక చూసి, "భయం తప్ప ఇంకేం లేదు. కాసిని నీళ్లివ్వమ్మా," అంది.

కోడలు గ్లాసు తెచ్చింది. నర్సమ్మ గ్లాసు వదిలేసి కోడలి చెయ్యి పట్టుకుంది. బొటనవేలికి బిగించిన గుడ్డ, దాని నిండా గోధుమరంగు మరకలు. విప్పితే చర్మం కమిలి పొక్కులెక్కింది.

"పులిపిరి అక్కా. త్వరగా పోతుందని అయోడిన్ మందు రోజుకు ఆరుసార్లు పూసి కడుతున్నా."

"అది గాయాలు కడిగాక పూసే మందు తల్లీ. పులిపిరికి వాడాలంటే ముందు డాక్టర్నడగాలి. వాడమంటే అక్కడొక్కచోటే చుక్క అద్ది ఆరనివ్వాలి. తడి మీద గుడ్డ బిగిస్తే చర్మం కాలిపోతుంది. ఇంకో వారం ఆగితే వేలు పుండయ్యేది. ముందు నీళ్లతో కడుగు, మందు మానెయ్. రేపు నేనే ఆస్పత్రికి తీసుకెళ్తా." బ్రెడ్డు వంక చూసింది. "పిండి తగిలితే ఆ మందు నీలం తిరుగుతుంది. అదే మీ విషం."

"ఎందుకు దాచావమ్మా?" అన్నాను.

"పులిపిరి ఉన్న చేత్తో పెడితే తినరేమోనని, మామయ్యగారూ."

డేగకన్ను కాలరు సర్దుకున్నాడు. "నేను కూలబడకపోతే ఈ గుట్టు బయటపడేదా? అంతా నా పథకమే." మిగిలిన గుడ్డు నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ రాత్రి కోడలు చేతులు శుభ్రంగా కడుక్కుని నాకు మళ్లీ బ్రెడ్డే తెచ్చి, గుమ్మం దగ్గర నిలబడింది. ఎప్పుడూ రెండు ముక్కలతో సరిపెట్టేవాణ్ణి, మూడోది అడిగి తిన్నాను. ఖాళీ పళ్లెం తీసుకుని, చప్పుడు కాకుండా నా గది తలుపు దగ్గరకు వేసి వెళ్లింది.