ఆగితే ఒక ప్రాణం పోవును

మనిషి బతికి ఉన్నాడా లేడా అన్న విషయంలో ఇంతకాలం వైద్యుల మాట, బంధువుల మాట, అప్పుడప్పుడు ఆ మనిషి మాట కూడా చెల్లేవి. ఇకపై చెల్లవు. ఆ సంగతి వీడియో గేము తేలుస్తుంది.

పింఛనుదారులు ఏటా తాము బతికే ఉన్నామని నిరూపించుకోవాలన్నది పాత నిబంధనే. మైదాన ప్రాంతంలో ఫోనుకు ముఖం చూపిస్తే సరిపోతుంది. పెదబయలు దాటి కొండల్లోకి వెళ్తే సిగ్నల్ ఉండదు. సిగ్నల్ కోసం పనసచెట్టు ఎక్కిన ఒక పింఛనుదారుడిని యాప్ పనసకాయగా గుర్తించింది. అప్పుడు జీవన నిర్ధారణ విభాగం (అలాంటి విభాగం ఒకటి ఉందని నాకూ అప్పుడే తెలిసింది) గోదాములోంచి టీవీ గేము పెట్టెలు బయటికి తీసింది. అవి ఏదో పథకం కింద బడిపిల్లల కోసం కొన్నవి. పంపిణీకి అనుమతి వచ్చేసరికి ఆ పిల్లలకు పిల్లలు పుట్టారు.

ఈ పెట్టెకు నెట్ అక్కర్లేదు. టీవీకి తగిలించి, కేసెట్‌ను నోటితో ఊది, లోపల పెడితే చాలు. ఊదడానికి ఒక ఉద్యోగిని వేశారు. ఆయన సెలవు పెట్టిన రోజున మండలంలో ఎవరూ బతికి ఉండరు.

ఆట పేరు 'బతుకుబాట'. గళ్లతో చేసిన మనిషి, గళ్లతో చేసిన జీపు, ఘాట్ రోడ్డు. మూడు ప్రాణాలిస్తారు. రోడ్డు మీద అడ్డంకులు వస్తాయి: రాళ్లు, పందులు, మనుషులు. వాటిని తప్పించుకుంటూ కొండ దిగి ఆఫీసు చేరితే 'మీరు జీవించి ఉన్నారు' అని తెర మీద పడుతుంది. తెర కింద నిబంధన కూడా ఉంటుంది: 'ఆగితే ఒక ప్రాణం పోవును.' మూడూ పోతే ఆట ముగుస్తుంది. ముగిసింది ఆట మాత్రమేనని నిబంధనల్లో ఎక్కడా లేదు.

ఈ పథకాన్ని మా పత్రికలో మొదట స్వాగతించింది నేనే. 'కొండకోనల్లో డిజిటల్ వెలుగులు' అని రాశాను. నిజానికి రాసింది విభాగం వారు. నేను రెండు ఒత్తులు దిద్ది, పేరు పెట్టుకున్నాను.

మొదటి రోజు ఆటకు నేనూ వెళ్లాను. మండల ఆఫీసు వరండాలో టీవీ పెట్టారు. క్రీడా నిర్ధారణ అధికారి లక్ష్మీప్రసాద్ పార్వతీపురం నుంచి బదిలీ మీద వచ్చాడు. బదిలీ ఎందుకని అడిగితే, అక్కడ అందరూ బతికే ఉన్నారని చెప్పాడు.

మొదట సోంబరును పిలిచారు. కొండ మీద కాఫీ తోట, మిరియాల తీగలు ఉన్న ముసలాయన. కాఫీ డబ్బు పంట తర్వాతే వస్తుంది. ఏడాది పొడుగునా ఉప్పు, నూనె, భార్య నూకరత్నం బీపీ మాత్రలు పింఛనుతోనే గడవాలి. ఆయన మీటల పలకను రెండు చేతులతో పట్టుకుని, జీపును జాగ్రత్తగా తోలాడు. రాయిని తప్పించాడు. పందిని తప్పించాడు. మలుపులో గళ్ల మనిషి ఒకడు చెయ్యెత్తి నిలబడ్డాడు. సోంబరు జీపు ఆపాడు.

టీవీ కుయ్యిమంది. ఒక ప్రాణం పోయింది.

"ఆపకూడదయ్యా! పోనీ, పోనీ!" అని లక్ష్మీప్రసాద్ అరిచాడు.

"మనిసి సెయ్యెత్తినాడు గదా బాబూ."

"అది మనిషి కాదు. అడ్డంకి."

"అడ్డంకైతే సెయ్యెందుకెత్తుతాది?"

లక్ష్మీప్రసాద్ నిబంధనల పుస్తకం తిరగేశాడు. అందులో చేతుల ప్రస్తావన లేదు. ఈలోగా రెండో మలుపులో తట్టతో ఒక గళ్ల మనిషి కనిపించింది. సోంబరు మళ్లీ ఆపాడు. రెండో ప్రాణం పోయింది.

"ఆడకూతురు, తట్టెత్తుకుని నిలబడిపోనాది. ఒగ్గేసి ఎలా ఎలిపోతాం?"

"ఎనకాల ఏలాడ్డానికింకా సోటుంది, ఆ ముసిలోణ్ణి కూడా ఎక్కించీ," అని మూడో మలుపులోని గళ్ల ముసలాయన్ని చూపిస్తూ వెనక నుంచి నూకరత్నం అంది. మూడో ప్రాణమూ పోయింది.

"సోంబరు, మృతి," అని లక్ష్మీప్రసాద్ రాసుకున్నాడు.

"నీకు బండి తోలడమే రాదు, ఇలాగియ్యి," అంటూ నూకరత్నం పలక లాక్కుంది. ఆమె ఆగడమే కాదు, దిగేవాళ్లు దిగేదాకా చూసింది. మొదటి మలుపు దాటకుండానే ఆమె కూడా మృతుల జాబితాలో చేరింది.

సాయంత్రానికి ఆ ఊరి పింఛనుదారులంతా పోయారు. ఈ కొండల్లో చెయ్యెత్తిన మనిషిని దాటి వెళ్లిన జీపు లేదు. జీపు నిండింది అన్న మాటకు ఇక్కడ అర్థం తెలిసినవాడూ లేడు. ఆట రాసినవాళ్లకు ఆ సంగతి చెప్పినవారు లేరు. (స్థానిక నిపుణుడిగా నన్నొకసారి అడిగారు. రోడ్డు మీద ఏముంటాయంటే రాళ్లు, పందులు, మనుషులు అని చెప్పాను.)

వార్త కోసం నేనూ ఒక ఆట ఆడాను. ఒక్క ప్రాణం కూడా పోలేదు. ఇందులో నా గొప్పేమీ లేదు. మనిషిని చూడటం, దాటి వెళ్లడం, తర్వాత రాయడం విలేకరికి అలవాటే. లక్ష్మీప్రసాద్ కరచాలనం చేసి ధ్రువపత్రం ఇచ్చాడు.

పింఛన్లు ఆగాయి. అయితే చనిపోయినందువల్ల లాభాలు లేవని చెప్పలేం. అంతకుముందు "ఏరా సోంబరూ" అన్న ఆఫీసు ఆ తర్వాత "కీర్తిశేషులు సోంబరు గారు" అనడం మొదలుపెట్టింది. కుర్చీ కూడా వేసింది. నూకరత్నం వితంతు పింఛనుకు అర్హురాలని తేల్చింది. ఆమె కూడా పోయింది కాబట్టి దరఖాస్తు తీసుకోలేదు.

నేను దీని మీద వార్త రాశాను. చివరి వాక్యం 'పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది.' ఆ వార్త చదివి విభాగం చలించింది. పోయినవారు తిరిగి రావడానికి ఆటకు అదనపు భాగం విడుదల చేసింది. పేరు 'పునరాగమనం'. కేసెట్ రంగు వేరు. ఊదే ఉద్యోగికి అదనపు భత్యం.

అదనపు భాగానికి నియమం ఒకటే. పోయినవారు ఆడరాదు. బతికి ఉన్నట్టు ధ్రువపత్రం కలిగినవారు వారిలో ఒకరి తరఫున, ఏడాదికి ఒకసారి, ఆడవచ్చు. చుట్టుపక్కల అలాంటి పత్రం నా దగ్గరే ఉంది.

"ఇలేకరి బాబూ, నువ్వే దిక్కు," అన్నాడు సోంబరు. "బతికించీ. బేగేం లేదు, నెమ్మదిగానే బతికించు."

"బతికించినాక ఓపాలి గట్టిగా అడిగి సూడు బాబూ," అంది నూకరత్నం, "ఒచ్చినోడు ఈడేనో, ఇంకోడో. మంచోడొత్తే ఒగ్గీకు."

ఆడాను. అదనపు భాగం పైలోకంలో మొదలవుతుంది. అక్కడ వారపు సంత. టోకెన్లు ఇచ్చేది మేక. టోకెన్ ఇచ్చి, మనం చూడనప్పుడు తినేసి, మళ్లీ వరసలో నిలబడమంటుంది. అది దాటితే చందమామ. చందమామలో జిరాక్స్ సెంటరు. మన నీడకు రెండు కాపీలు తీయించాలి. అక్కడి కోడి ప్రతి గుడ్డుకూ "సర్వర్ డౌన్" అని కూస్తుంది. కోడిని దాటితే కెమెరా మెడలో వేసుకున్న మనిషి ఒకడు అడ్డం వస్తాడు. తగిలితే "పూర్తి వివరాలు తెలియాల్సి ఉంది" అంటాడు. ఆ మాట అయ్యేలోగా ఒక ప్రాణం పోతుంది.

వరండాలో అందరూ నా వైపు చూశారు. పోలికలు ఏమీ లేవని చెప్పాను. తెర మీది బట్టతల గళ్ల వల్ల అలా కనిపించిందని కూడా చెప్పాను.

మేక దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి పోగా నాకు ఒక్క ప్రాణం మిగిలింది. చివరి మెట్టు మళ్లీ ఘాట్ రోడ్డే. లక్ష్మీప్రసాద్ నిబంధన చదివాడు: "మృతుడు దారిలో కనబడును. వెంటబెట్టుకొని కార్యాలయం చేరవలెను."

తెర కింద పాత నిబంధన అలాగే ఉంది. ఆగితే ఒక ప్రాణం పోవును. దాన్ని తీసేయడం తన పరిధిలో లేదని లక్ష్మీప్రసాద్ చెప్పాడు.

జీపు కదిలింది. రాయి. పంది. తట్టతో ఆడమనిషి. దాటాను. ఆఖరి మలుపులో భుజం మీద తువ్వాలుతో ఒక గళ్ల మనిషి చెయ్యెత్తాడు.

"నానే బాబూ, ఆడు నానే!" అన్నాడు సోంబరు.

నా బొటనవేలు ఆలోచించడానికి సమయం లేదు. (కొంత ఉంది.)

తెర మీద గళ్ల టపాసులు పేలాయి. 'అభినందనలు. మీరు జీవించి ఉన్నారు. మృతుడు వెంట లేడు.'

సోంబరు తువ్వాలు దులిపి మళ్లీ భుజం మీద వేసుకున్నాడు.

"పోనీ బాబూ. బండి జోరు మీదుంది, అగపడి ఉండను," అన్నాడు.

"తువ్వాలుంది గదేటి," అంది నూకరత్నం. "అగపడకేటి?"

వాళ్లు జీపు స్టాండుకు వెళ్లిపోయారు. లక్ష్మీప్రసాద్ రెండో ధ్రువపత్రం ఇస్తూ ఫొటో తీయించుకుందామన్నాడు. మొదటిసారి ఊదే ఉద్యోగి ఫ్రేములో లేడని మళ్లీ తీయించాడు. నేను రోడ్డు మీదికి వచ్చేసరికి మబ్బు పట్టింది. మలుపులో జీపు కనిపించింది. లోపల కిక్కిరిసి ఉన్నారు, పైన కూర్చున్నారు, వెనక వేలాడుతున్నారు. చెయ్యెత్తాను.

జీపు ఆగింది.

"బేగి ఎక్కు బాబూ, వానొచ్చీనాగుంది," అన్నాడు సోంబరు లోపలి నుంచి. నూకరత్నం తట్ట ఒళ్లోకి తీసుకుని జరిగింది. అందరూ తలా కాస్త జరిగారు.

రికార్డు ప్రకారం ఆ జీపులో బతికి ఉన్నది నేనొక్కణ్ణే. పత్రాలు రెండున్నాయి.