మూడు వందల పన్నెండు పేజీల అడుగున

ఆ ఉదయం అతను రెండే పనులు పెట్టుకున్నాడు. మధ్యాహ్నంలోగా వెబ్‌సైటు పని ముగించాలి. అంతకంటే ముందు అత్తగారికి క్షమాపణ చెప్పుకోవాలి.

నీళ్ళ హీటర్లు అమ్మే ఆ కంపెనీలో అతన్ని అందరూ "ఒక్కచోటు గారు" అనేవారు. కంపెనీ వెబ్‌సైటుకు మూడు వందల పన్నెండు పేజీలు. ప్రతి పేజీ అడుగునా చిరునామా, ఫోన్ నంబరు. నంబరు మారినప్పుడల్లా పేజీలన్నీ విడివిడిగా దిద్ది వేళ్ళు పడిపోయాక అతనికి జ్ఞానోదయమైంది. ఆ అడుగు ముక్కను ఒకే ఫైలులో రాసి, పేజీలన్నీ అక్కడి నుంచే తెచ్చుకునేలా చేశాడు. "ఒక్కచోట మారిస్తే చాలు, అన్నిచోట్లా మారిపోతుంది" అని కాంటీన్‌లో అడిగినవాళ్ళకు ఒకసారీ, అడగనివాళ్ళకు రెండుసార్లూ చెప్పాడు.

ఇక క్షమాపణ సంగతి. ముందురోజు అత్తగారి కళ్ళజోడు మీద కూర్చున్నది అతనే. "అత్తయ్యే ఎక్కడో పడేసుకుని ఉంటారు" అన్నదీ అతనే. పొద్దున ఆవిడ పల్లెత్తు మాట అనకుండా బట్టలు సర్దుకుంటుంటే, భార్య అతన్ని గుమ్మం దగ్గర ఆపింది.

"సోఫాలో అద్దం ముక్కలు దొరికాయి. మీరు కూర్చునే చోటే. పన్నెండింటిలోపు తప్పు ఒప్పుకుంటూ రాసి పంపండి, అమ్మకి చదివి వినిపిస్తాను. లేదంటే సాయంత్రం బస్సుకి అమ్మతో పాటు నేనూ వెళ్తాను."

"ఫోన్ చేసి చెప్తాలే."

"నోటిమాట వద్దు. నోటితో మీరు ఏమైనా అనగలరు."

ఆఫీసుకు వెళ్ళి రెండు పనులకూ కావలసిన మాటలు కంప్యూటరులో ఒక్కచోటే టైపు చేసుకున్నాడు. పైన ఫిర్యాదుల గురించి కంపెనీవి, కింద అత్తగారికి తనవి. పైవి వెబ్‌సైటుకు వెళ్ళాలి, కిందవి భార్యకు. తెలివి తెల్లారినట్టే ఉంది, తారుమారు చేశాడు.

పదిన్నరకు ప్రతి పేజీ అడుగునా ఈ మాటలు వెలిశాయి: "పగిలింది నా వల్లే. మీ తప్పు కాదని తెలిసీ మీ మీదకు నెట్టాను. మన్నించండి. ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను."

భార్యకు ఇది అందింది: "ఫిర్యాదులు ఉంటే పని వేళల్లో మాత్రమే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆదివారం సెలవు."

పదకొండుకల్లా ఫోన్లు ఎత్తే అమ్మాయి యజమాని గదిలోకి పరుగెత్తుకొచ్చింది. "సార్, ఎవరో ఒకావిడ. తన హీటరు ట్యాంకు మనవాళ్ళే పగలగొట్టి, తప్పు ఆవిడదే అన్నారట. ఇప్పటికైనా ఒప్పుకున్నారు, సంతోషం అంటోంది. ఇలాంటి ఫోన్లలో ఇది పదిహేడోది!"

యజమాని ఒక్కచోటు గారిని పిలిపించాడు. "ఎవరు రాశారయ్యా ఇది?"

"నేనే, మా అత్తగారికి" అంటే సరిపోయేది. నాలుక అలవాటు పడిన దారినే పోయింది. "సర్వీసు మేనేజరు గారు పంపిందే పెట్టాను సార్."

సర్వీసు మేనేజరు వచ్చాడు. తెర వంక ఒక్కసారి చూసి కుర్చీలో కూలబడ్డాడు. "తెలిసిపోయిందన్నమాట! ఆ ట్యాంకులు బిగించేటప్పుడు మా చేతుల్లో పగిలినవే సార్. మాట వస్తుందని కొన్నవాళ్ళ మీదకి నెట్టేశాం."

"చేసింది తప్పే. కానీ నీ అంతట నువ్వే బయటపెట్టావు చూడు, అదీ గొప్ప!" అన్నాడు యజమాని. "ట్యాంకులన్నీ మార్చి ఇవ్వండి. ఆ మాటలు అక్కడే ఉండనీ."

"నేనా?" అంటూ సర్వీసు మేనేజరు అతని వంక చూశాడు. అతను తేలు కుట్టిన దొంగలా మెల్లగా గదిలోంచి జారుకున్నాడు.

సీటుకు తిరిగొచ్చి, భార్యకు ఏం పంపాడో అప్పుడు చూసుకున్నాడు. పన్నెండు దాటి పావుగంటయింది. ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఇంటికి పరుగెత్తాడు.

గుమ్మంలో రెండు సంచులున్నాయి. భార్య ఎదురొచ్చింది.

"మీరు పంపిన నంబరుకి చేద్దామంటే పొద్దుట్నించీ బిజీ. మిమ్మల్ని కడిగేయడానికి ఇంకో నంబరు దొరుకుతుందేమోనని మీ వెబ్‌సైటు తెరిచాను." అంతలో ఆమె గొంతు మారిపోయింది. "ప్రతి పేజీలోనూ ఉందండీ! అమ్మకి పదకొండు పేజీలు చదివి వినిపించాను."

అత్తగారు కళ్ళొత్తుకుంటోంది. "ఇంతమంది ముందు తప్పు ఒప్పుకునేవాళ్ళు ఎవరున్నారు బాబూ! కళ్ళజోడుదేముంది, ఇంకోటి కొనుక్కోవచ్చు."

అతనికి నిజంగానే సిగ్గేసింది. ఆ క్షణాన ఆవిడ కాళ్ళ మీద పడిపోవాలనిపించింది.

"ఒక్క మాట నిజం చెప్పండి," అంది భార్య, సంచులు లోపలికి జరుపుతూ. "అమ్మ కోసం కావాలనే అక్కడ పెట్టారు కదూ?"

"కావాలనే," అన్నాడతను.

ఆ సమయానికి "ఇంకెప్పుడూ అబద్ధం చెప్పను" అన్న మాట మూడు వందల పన్నెండు పేజీల అడుగునా చెక్కుచెదరకుండా ఉంది.