ముగింపు పేపరు

సోమరాయపేటలో రెండో ప్రపంచ యుద్ధం ఇంకా జరుగుతూనే ఉంది, ఎందుకంటే అది మొదలైన రోజు పేపరు ఊరి గ్రంథాలయంలో ఉంది, ముగిసిన రోజు పేపరు లేదు. పాత పేపర్లను ఏటా వేలం వేసేటప్పుడు ప్రాముఖ్యం గలవాటిని మాత్రం ఉంచుకోవాలని నిబంధన. యుద్ధం మొదలవడం పెద్ద వార్త కనక ఆ వారం పేపర్లన్నీ ఖద్దరు అట్టలో కుట్టించి, వేపాకు వేసి దాచారు. ఆగిపోయిన రోజు పేపరు దగ్గరికొచ్చేసరికి అప్పటి అధికారి ‘సాధారణం’ అని రాసి వేలానికి ఇచ్చేశాడు.

రిజిస్టరులో లేనిది జరగనట్టే. అందుచేత బాంబుల విమానాలకు దీపాలు కనబడకుండా ఊళ్ళో కిటికీలకు ఇప్పటికీ నల్లకాగితం అంటిస్తారు. తిలా పాపం తలా పిడికెడన్నట్టు ఏడాదికొక వీధి ఒక మనిషిని యుద్ధానికి పంపుతుంది. పేపర్లు దాచిన గదికి వెనక ఒక తలుపుంది. వెళ్ళేవాడు రిజిస్టరులో సంతకం పెట్టి అందులోంచి వెళతాడు. ఆర్నెల్లకోసారి అతని దగ్గర్నుంచి, సెన్సారువాళ్ళు సగం సిరాతో కొట్టేసిన కార్డు వస్తుంది. మనిషి రాడు. జనం దీనికి అలవాటు పడ్డారు. జనం దేనికైనా పడతారు.

ఆ ఏడు వంతు కొత్తవీధిది. చీటీలో ఇస్త్రీ అసిరితల్లి ఒక్కగానొక్క కొడుకు చిన్నారావు పేరు వచ్చింది. సోమవారం వెళ్ళాలి. ముందటి బుధవారం ఆమె ఇస్త్రీ బల్ల మీది కాలిన దుప్పటి మార్చబోతే, అడుగున ఆమె మామగారి తండ్రి ఎప్పుడో వేలంలో కొని పరిచిన పేపర్లు బయటపడ్డాయి. చిన్నారావు వాటిలో ఒకటి తీసి రెండుసార్లు చదివాడు.

“యుద్దం అయిపోనాదట అమ్మా” అన్నాడు.

గ్రంథపాలకుడు పట్నాయక్ మంచివాడే. అసిరితల్లి పట్టుకెళ్ళిన పేపరు చదివి కళ్ళు తుడుచుకున్నాడు, ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు. బయటినుంచి వచ్చిన పేపరు రిజిస్టరులోకి ఎక్కాలంటే అది మాకు కావాలని పదిమంది సంతకం చేయాలన్నాడు. మొదలైన పేపరుకీ ఇలాగే సంతకాలు తీసుకున్నారా అని ఆమె అడిగింది. దాని కోసం జనం వాళ్ళంతట వాళ్ళే వస్తారమ్మా అన్నాడు పట్నాయక్.

పదిమందేగా అనుకుంది అసిరితల్లి. ఊరందరి బట్టలూ ఆమె చేతిమీదుగా వెళ్ళేవే. కానీ పిల్లల్ని ఇదివరకే పంపినవాళ్ళు, ఇప్పుడు ఆగిపోతే మావాళ్ళు ఊరికే పోయినట్టు కాదా అన్నారు. వంతు ఇంకా రానివాళ్ళు తొందరేముందన్నారు. యుద్ధం మొదలైన రోజున ఏటా ఉపన్యసించే రిటైర్డు హెడ్మాస్టరు, ముగింపు మీద తన దగ్గర ఉపన్యాసం లేదని విచారించాడు. ఆదివారం సాయంత్రానికి మూడు సంతకాలు పడ్డాయి. వాటిలో ఒకటి చిన్నారావుది, వెళ్ళేవాడి సంతకం కనక అది చెల్లదు. ఆ సాయంత్రం ఆమెకు ఊరి మీద అసహ్యం వేసింది, వాళ్ళ బట్టలన్నీ కాల్చేయాలనిపించింది. కాల్చలేదు. కొడుకు చొక్కా ఇస్త్రీ చేసింది. పొద్దున్నే అతను రిజిస్టరులో సంతకం పెట్టి వెనక తలుపులోంచి వెళ్ళాడు.

మరుసటేడు వంతు సాలివీధిది. చీటీలో పేరొచ్చిన కుర్రాడి తల్లి సత్యవేణి, అసిరితల్లి దగ్గరికి వచ్చింది. ఆ పేపరు ఇంకా ఉందట కదా, ఈసారి ఇద్దరం కలిసి తిరిగితే పదీ వచ్చేస్తాయంది. మొదటి సంతకం నువ్వే పెట్టమని కాగితం చేతికిచ్చింది.

అసిరితల్లి ఆమెకు మంచినీళ్ళిచ్చింది. కాగితం తీసుకుని, మడతపెట్టి, తిరిగి ఆమె చేతిలోనే పెట్టింది.

“మావోడు అక్కడ ఒక్కడే ఉన్నాడమ్మా” అంది. “మీవోడు ఎల్తే తోడుంటాడు.”

సత్యవేణి కాగితం కొంగున ముడేసుకుంది. తర్వాత, అయితే మావాడి చేత మీవాడికి ఏం పంపమంటావని అడిగింది.