ఈ ఇద్దరూ ఒకరేనా?

సంసారం చక్కబడాలంటే పెద్దమనుషుల పంచాయితీలు దండగ. ఆన్‌లైన్‌లో ఫోటోలు దాచి పదిమందికీ పంచిపెట్టే మంచి సర్వీసు ఒకటి చూసుకోండి చాలు! నవ్వకండి, నేను సీరియస్‌గానే చెబుతున్నాను. కావాలంటే మా బావ సంగతి వినండి.

మా బావ, అంటే మా అక్కయ్య భర్త, కళ్ళజోళ్ళ షాపు నడుపుతాడు. పగలంతా జనం ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి పెడుతూ "ఇది బాగుందా, ఇందాకటిదా?" అని అడగడం ఆయన పని. ఆయన ఫోన్ కాస్తా నిండిపోయింది. కొత్త ఫోటో తీయాలంటే పాతది చెరపాలి. అక్కయ్యేమో ఒక్కటి చెరిపినా ఊరుకోనంది. ఇక సర్వీసు ఎంచుకోక తప్పలేదు.

ఎంచుకోవడమంటే మాటలా! ఒకటి ఉచితమంటూనే నాలుగు ఫోటోలకే చెయ్యి చాపుతుంది. ఇంకొకటి ఎన్నయినా దాస్తుంది గానీ, తిరిగి ఇమ్మంటే మొహం చాటేస్తుంది. మరొకటి ఉంది, మీరు ముచ్చటపడి పంపిన ఫోటోని మీ ఆడపడుచు అసలు తెరిచి చూసిందో లేదో కూడా మీ చెవిన వేస్తుంది. ఇంత మేలు చేసే చుట్టం మీకెక్కడైనా దొరుకుతుందా?

బావ వారాల తరబడి భోజనాల బల్ల దగ్గర ఫోన్‌లోంచి తల ఎత్తలేదు. "ఇది బాగుందా, ఇందాకటిదా?" అనేవాడు. "నాకు రెండూ ఒకలాగే ఉన్నాయి" అని అక్కయ్య తినేసి లేచి వెళ్ళిపోయేది. గొడవ లేదు, మాట లేదు. ఆహా, ఇల్లంతా ఎంత ప్రశాంతత!

చివరికి మొహాలు గుర్తుపట్టే సర్వీసు ఒకటి ఆయనకి నచ్చింది. అది ఫోటోలన్నీ జల్లెడ పట్టి, ఎవరివి వాళ్ళ పేరు కింద సర్ది, ఇంటిల్లిపాదికీ చూపిస్తుంది. అనుమానం వస్తే రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టి "ఈ ఇద్దరూ ఒకరేనా?" అని వినయంగా అడుగుతుంది. కింద మూడు బటన్లు: అవును, కాదు, కచ్చితంగా చెప్పలేను.

ఆ మధ్యాహ్నం షాపులో బేరాల్లేవు. బావ స్టూలు మీద కూర్చుని బటన్లు నొక్కుతున్నాడు. తన మేనమామ. అవును. పక్కింటి పాప. అవును. ఆ తరవాత ఎడమవైపు, పెళ్ళయిన కొత్తలో విరగబడి నవ్వుతున్న అక్కయ్య. కుడివైపు, పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని నిలబడ్డ ఒకావిడ. చూపు విషయంలో ఊహాగానాలు ఒప్పుకోని మనిషి కదా! కళ్ళజోడు తీసి, తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని మరీ చూశాడు. "కాదు" నొక్కాడు.

సాయంత్రం ఇంట్లో అడుగుపెట్టేసరికి అక్కయ్య ఫోన్ చేతిలో పట్టుకుని సోఫాలో కూర్చుని ఉంది. సర్వీసు ఆమెకి కబురు పంపింది: "మీ ఇంట్లో ఒక కొత్త వ్యక్తి తరచుగా కనిపిస్తున్నారు. దయచేసి పేరు పెట్టండి."

"ఏమండీ, ఎవరీవిడ?" అంది అక్కయ్య. "నా స్వెటర్ వేసుకుంది. నా వంటింట్లో నిలబడింది. మన పిల్లకి తల కూడా దువ్వుతోంది."

బావ ఆమె ఫోన్‌లోకి తొంగిచూశాడు. "అదా... మెషీన్ పొరపాటు పడుంటుందిలే."

"మెషీన్ పాపం మిమ్మల్ని అడిగిందట. మీరే కాదన్నారట. ఇదిగో, మీ పేరుతో సహా చూపిస్తోంది."

ఎంత నిజాయితీ గల సర్వీసో చూశారా! బావ ఆ రెండు ఫోటోలనీ మళ్ళీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "ఆ ఫోటోలో నవ్వుతున్నావు. ఇందులో నవ్వు లేదు. నిజంగానే పోల్చుకోలేకపోయానోయ్" అన్నాడు. అన్నాక ఆయనకే సిగ్గేసింది.

అక్కయ్య కోప్పడలేదు. కోప్పడితే బతికిపోయేవాడు. తనకి వచ్చిన ప్రశ్నని ఆయన ముందు పెట్టింది. ఎడమవైపు, ఆమె చెప్పే కబురేదో కళ్ళు పెద్దవి చేసుకుని వింటున్న కుర్రాడు. కుడివైపు, వంచిన తల, దాని మీద పలచబడ్డ జుట్టు, గడ్డం కింద ఫోన్ వెలుతురు. ఈ ఇద్దరూ ఒకరేనా?

"నువ్వేం నొక్కావు?" అన్నాడు బావ.

"కచ్చితంగా చెప్పలేను అని నొక్కాను."

పాఠకులారా! కట్టుకున్నదాని మొహంకేసి ఒకసారి చూడవయ్యా అని ఇన్నేళ్ళలో ఆయనకి చెప్పిన చుట్టం ఒక్కరూ లేరు. చుట్టాలం మేమూ ఫోన్లలోనే ఉన్నాం కదా, మాకెలా తీరుతుంది? ఆ పనిని, ఎక్కడుందో కూడా తెలియని ఒక కంపెనీ చేసిపెట్టింది, అదీ పైసా తీసుకోకుండా.

బావ ఫోన్ బోర్లా పెట్టి, కుర్చీ లాక్కుని ఆమెకి ఎదురుగా కూర్చున్నాడు. "ఇప్పుడు సరిగ్గా చూసి చెప్పు" అన్నాడు.

అక్కయ్య చూసింది. నుదురు, చెంపలు, అద్దాల వెనక బెదురుతున్న కళ్ళు, అన్నీ తీరిగ్గా చూసింది. పెదవి కొసన నవ్వు రాబోతే ఆపుకుంది.

"ఇంకా తేలడం లేదండీ" అంది. "రేపు కూడా ఇలాగే కూర్చోండి."