ఏటా ఎండబెట్టబడును

ఆ ఉదయం పెద్దాయన పెట్టుకున్న పని ఒక్కటే. కూతురి దరఖాస్తు కౌంటర్లో ఇచ్చి, రసీదు తీసుకుని, భోజనం వేళకు ఇల్లు చేరాలి.

కూతురు భూగర్భ శాస్త్రవేత్త. ఫ్యాక్టరీ గొట్టాల్లోంచి వచ్చే కార్బన్ డయాక్సైడును పట్టి, మైలు లోతున రాతి పొరల్లోకి దించి, మళ్ళీ పైకి రాకుండా మూసేయాలన్నది ఆమె ఏడేళ్ళ శ్రమ. ప్రభుత్వం ఈ ఏడాది ఒకే ఒక్క ప్రాజెక్టుకు నిధులిస్తానంది. అవి రాకపోతే తవ్విన బావి పూడ్చాల్సిందే. దరఖాస్తుకు ఆ రోజే ఆఖరు. ఆమేమో బావి దగ్గర పరీక్షలో ఉండాలి.

"నాన్నా, ఇచ్చేసి వచ్చెయ్. ఇంకేం చెయ్యొద్దు."

"ముప్పై ఏళ్ళు ధాన్యం గోడౌన్లో సూపరింటెండెంటుగా చేసినవాణ్ణే! నాకా చెప్తున్నావు?"

అదుగో, అక్కడే వచ్చింది తంటా. ప్రభుత్వం పథకమైతే కొత్తది పెట్టింది గానీ, ఫారం కొత్తది వేయించలేదు. పాత గోడౌన్ల ఫారానికే పేరు మార్చింది. క్యూలో నిలబడి పేజీలు తిప్పుతున్న పెద్దాయనకు రెండు గడులు ఖాళీగా కనిపించాయి. గడి ఖాళీగా ఉంటే ఫైలు వెనక్కొస్తుందని ఆయన నమ్మకం. ఎన్ని ఫైళ్ళు తానే వెనక్కి పంపలేదూ!

'సరుకు బయటికి తీయు తేదీ' అన్నచోట 'ప్రతి సంవత్సరం మార్చి 31' అని రాశాడు. 'సరుకు పాడవకుండా తీసుకొను జాగ్రత్తలు' అన్నచోట ముత్యాల్లాంటి అక్షరాలతో 'ఏటా బయటికి తీసి, ఎండబెట్టి, తిరిగి నింపబడును' అన్నాడు. పనిలో పనిగా ఇంటి ఫోను నంబరు కూడా రాశాడు. ఆ సరుకు ఏమిటో కూతురు భోజనాల దగ్గర వందసార్లు చెప్పింది. ఆయన ఊఁ కొట్టాడే తప్ప వినలేదు.

వారం తిరక్కుండానే కమిటీ అధ్యక్షురాలు ఫోను చేసింది. కూతురు బావి దగ్గరుంది.

"ఏటా బయటికి తీస్తామని రాశారు. నిజంగానే తీస్తారా?"

ఆవిడకు అనుమానమొచ్చింది కాబోలనుకున్నాడు పెద్దాయన. "నిజంగానేనండీ! చాలదంటారా, ఆర్నెల్లకోసారి తీయిస్తాం."

"మొత్తమా?"

"అడుగూడ్చి మరీ తీస్తాం. మీరే వచ్చి దగ్గరుండి చూసుకోండి."

ఆవిడ ఫోను పెట్టేసింది. కమిటీ భలే మెచ్చుకుందని సాయంత్రం కూతురితో చెప్పాడు. ఆ పిల్ల విషయం విని, చెప్పులైనా సరిగా వేసుకోకుండా కమిటీ ఆఫీసుకు పరుగెత్తింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం?

వెనకే వెళ్ళి ఆఫీసు తలుపు దగ్గర నిలబడిన పెద్దాయనకు అధ్యక్షురాలి మాటలు ప్రతి ఒక్కటీ వినిపించాయి. "జాబితాలో మీదే మొదటి పేరమ్మా. ఆ రెండు గడులూ మీకు వర్తించవు, ఖాళీగా ఉన్నా మేం అడిగేవాళ్ళం కాదు. కానీ మళ్ళీ గాల్లోకి వదిలేస్తామని రాసిచ్చి, ఫోన్లో కూడా ఒప్పుకున్నాక నేనెలా సంతకం పెట్టను? మధ్యాహ్నమే రెండోవాళ్ళకు ఇచ్చేశాం."

దారి పొడుగునా కూతురు ఆయనకన్నా పదడుగులు ముందే నడిచింది. నాలుగు తిట్టినా బాగుండేది. ఇంటి మెట్ల దగ్గర మాత్రం ఆగింది. "అన్నం తినేటప్పుడు ఎన్నిసార్లు చెప్పాను నాన్నా!"

ఆ రాత్రి ఆయన కంచం ముందునుంచి లేచిపోయాడు. ఏడేళ్ళ కష్టం తన చేతిరాత పాలైందని కుమిలిపోయాడు. బావి పూడ్చిన రోజైతే గదిలోంచి బయటికే రాలేదు.

రెండు నెలలకు గోడౌన్ల శాఖనుంచి ఉత్తరం వచ్చింది. తిరస్కరించిన ఫైలు ఎలా చేరిందో అక్కడికి చేరింది. సరుకును ఏటా ఎండబెట్టే పద్ధతి వాళ్ళకు తెగ నచ్చిందట, ఆ చేతిరాత తమ పాత సూపరింటెండెంటుదేనని కూడా గుర్తుపట్టారట. పూడ్చిన బావి మీదే రేకుల గోడౌను కట్టడానికి నిధులు మంజూరయ్యాయి. అనుభవజ్ఞులు కనుక తమరే సూపరింటెండెంటుగా చేరవలసిందని కింద రాసి ఉంది.

ఆయన ఆ ఉత్తరాన్ని మూడు రోజులు దిండు కింద దాచాడు. నాలుగో రోజు కూతురి కంట పడనే పడింది.

"నేను వెళ్ళనమ్మా. ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?"

ఆమె ఉత్తరం మడిచి ఆయన చేతిలో పెట్టింది. "వెళ్ళు నాన్నా. మనింట్లో ఒకరికైనా మంజూరైంది."

గోడౌన్లోకి ఇంతవరకు ఒక్క బస్తా రాలేదు గానీ, ఆయన సెలవు పెట్టిన రోజు కూడా లేదు.