మునుగుపురుగు మహాసంగ్రామం

వినుడు, ఓ సుజనులారా! భోజనానంతర నిద్రాభారమున వాలిపోవు రెప్పలను వేళ్లతో ఎత్తి పట్టుకొనియైనను వినుడు! తూర్పున నల్లమల గిరిశ్రేణి ఎండకు అలసి ఒత్తిగిలి పడుకొనియుండగా, పడమట కుందూనది ఉన్న కాసిన్ని నీళ్లనే పొదుపుగా వాడుకొనుచు సాగుచుండగా, నంద్యాల నుండి వచ్చు బస్సులన్నియు ధూళిధూసరితాంగములై నిట్టూర్చి నిలుచు ఆళ్లగడ్డ పట్టణమున, శిల్పుల ఉలులు సైతము సెలవు పుచ్చుకొన్న ఒకానొక ఆదివారమున, చర్చిలో ఆరాధన ముగిసి, ఇంట రాగిసంగటికిని నాటుకోడి పులుసుకును జరిగిన మహాసమ్మేళనము పరిసమాప్తమై, మార్తాండుడు వరండా రేకులను పెనము చేసి కాల్చుచున్న మధ్యాహ్నవేళ, మత్తయి అను మహావీరుడు నోరు జారెను.

ఎవడీ మత్తయి? ఏడవ తరగతి గడప దాటకమునుపే బడికి దండము పెట్టి, నంద్యాలలో గురువుగారి తిట్లు తిని విద్య నేర్చి, కాలిన బోరుమోటార్ల గర్భకుహరములలో రాగితీగను చుట్ట చుట్టి వాటికి పునర్జన్మ ప్రసాదించు దగ్ధమోటారుప్రాణదాత! అయితే కాలమహిమ ఎట్టిదో చూడుడు. మోటారు కాలినచో దానిని పారవేసి కొత్తది తెచ్చుకొను దుర్మార్గమునకు జనులు అలవాటు పడిరి. ఇంటి ముందరి వైండింగు దుకాణమున ఇప్పుడు ఈగలే సభాసదులు. చేతికి పని తగ్గినకొద్దీ వీరుని నోటికి పని పెరిగెను. కొళాయి బిగించినవాడు చేతకానివాడు, గోడకు రంగు వేసినవాడు గుడ్డివాడు, పాస్టరు ప్రసంగము సాగదీసినవాడు. లోకమున ఎవడు ఏ పని చేసినను అందులో వంక వెదకి పదిమందిలో చెప్పుటయే అతనికి మిగిలిన వృత్తి. పొద్దున లేచుటకు కారణము కూడ అదియే.

అట్టి వంకాన్వేషణవిచక్షణుని కంట ఆనాడు పడినవాడు సాక్షాత్తు అల్లుడు వినీత్. ఊటీ చలికొండలలో ఒక బసలో అతని కొలువు. వచ్చిన అతిథులను వాగుల వెంట తిప్పి, ట్రౌట్ అను చేపలను పట్టించుట అతని ఉద్యోగము. ఆ చేపలు రాళ్ల కింద పాకు నీటిపురుగులను తిని బతుకును. కావున గాలమునకు దారముతో ఈకను, తీగను చుట్టి, అచ్చము ఆ పురుగు వలె కట్టి, అడుగునకు మునుగుటకై కడుపులో బరువు దాచి, వాగులో విడుతురు. ఆ దొంగపురుగునకు నింఫ్ అని పేరు. భార్య జ్యోత్స్నతో అత్తవారింటికి వచ్చిన వినీత్, సాయంత్రము నంద్యాలలో రైలెక్కవలసియుండియు ఊరక కూర్చుండలేక, వరండాలోని బల్లకు దవడలతో కరచిపట్టు బుల్లి వైసు బిగించి, అందులో గాలము నిలిపి, పురుగులను కట్టుచుండెను.

"ఏంది అల్లుడా, డిగ్రీ చదువుకున్నోనివి, ఈకలు కట్టుకుంటా కూచున్న్యావ్?" అనెను మత్తయి పళ్లు కుట్టుకొనుచు. "ఇది గూడా ఒక పనేనా? నా చేతికిస్తే కండ్లు మూసుకొని కడ్తా."

"నాయనా, నువ్వు గమ్మునుండు," అనెను జ్యోత్స్న. "అది నేర్చుకునేదానికి ఆయనకు ఎన్ని దినాలు పట్టిందో నీకేం తెల్సు?"

"పర్వాలేదులే, మామ మాటకేముంది," అని వినీత్ చిరునవ్వు నవ్వెను.

ఆ చిరునవ్వు! కోపించిన అల్లుని మత్తయి సహించియుండును, వాదించిన అల్లుని ఆనందముతో ఆహ్వానించియుండును. కాని చిన్నపిల్లవానిని ఓదార్చునట్టి ఆ చిరునవ్వు శూలమై అతని గుండెలో దిగెను. "పర్వాలేదా? యాడికో పోయేదెందుకు, ఈడనే కట్టి సూపిస్తా!"

అంతట వంటింటి వాకిట ఉరుము ఉరిమెను. మత్తయి ధర్మపత్ని సారమ్మ, గరిటె చేతబూని, చెమటను కొంగుతో తుడుచుకొనుచు రణరంగమున ప్రవేశించెను.

"యో! పెండ్లయినకాడ్నుంచి నీ వంకలు ఇని ఇని నా చెవులు తూట్లు పడినాయి. నేను కూర సేస్తే వంక, పిల్ల ముగ్గేస్తే వంక, ఈపొద్దు అల్లుని మీద పడినావా? సరే, కట్టు. నువ్వు కట్టిన పురుగు లాగితే ఊడగూడదు, నీళ్లలో ఏస్తే మునగల్ల. అట్ల కాకపాయనా, ఈపొద్దు నుంచి నువ్వు ఎవురి పనికీ వంక పెట్టేకి లేదు. సంగట్లో ఉప్పు లేకపోయినా నోరు మూసుకొని తినల్ల. అల్లుని ముందర మాటియ్యి."

రేకుల మీద కాకి సైతము అడుగు తీసి అడుగు వేయలేదు.

"ఓసీ సారమ్మా! సింహమునకు గర్జనము మానుకొమ్మని పందెమా? సముద్రమునకు అలలు తాకట్టు పెట్టమని షరతా? ఈ భుజములు ఎన్ని మోటార్లను మోసినవో ఎరుగవా? నా వేళ్లు ముట్టిన తీగ సడలిన చరిత్ర కలదా? రానిమ్ము ఆ క్షుద్రకీటకమును!" అని మత్తయి గర్జింపదలచెను. కాని నోటి నుండి వెలువడిన మాట ఇంతే:

"సరే కానీలే మ్మే."

లోన మాత్రము లెక్క వేసుకొనెను. మోటార్లు పోయినవి. ఈ నోరు కూడ పోయినచో రేపు పొద్దున దుకాణమున కూర్చుండి ఏమి చేయవలెను? ఈగలను మెచ్చుకొనవలెనా?

ఆయుధసేకరణము ఆరంభమయ్యెను. దుకాణము నుండి ఎనామిలు పూతగల సన్నని రాగితీగ వచ్చెను. బరువు కొరకు సోల్డరు తీగ వచ్చెను. ఇక ఈక! ఏ కోడిని "ముదురు, నమలలేకుండా ఉండాను" అని నిందించుచునే మరల మరల వడ్డించుకొనెనో, ఆ కోడి మెడ ఈకలు పెరటి కుప్పలో ఉండెను. ఆ కుప్ప ముందర మహావీరుడు మోకాళ్లపై కూర్చుండి వెదకుట పెరటి నుండి వరండా వరకు సాగు పక్కగోడ మీదుగా చూచిన పొరుగింటి పుల్లయ్య, మోచేతులు గోడకు ఆనించి, వినోదమునకు సిద్ధపడెను. అతడు విగ్రహములు చెక్కువాడు. ఎంతసేపైనను కదలక నిలిచి చూడగల సామర్థ్యము అతని సొంతము.

"ఏం మత్తన్నా, తిన్న్యది సాలక ఈకలు గూడా ఏరుకుంటాండావా?"

"నీ పని నువ్వు సూసుకో పుల్లయ్యా!"

"ఈపొద్దు ఆదివారం గదన్నా, నాకు పన్లేదు."

అల్లుని బుల్లి వైసును మత్తయి ముట్టలేదు. ఆటబొమ్మను వీరుడు ముట్టునా? బేరింగులను పిండి చేసిన, వరండా మూలనున్న తన బెంచి వైసు దవడల నడుమ, వడ్లగింజంత గాలమును నిలిపి, అలవాటైన భుజబలముతో పిడి తిప్పెను. టప్! గాలము రెండు ముక్కలయ్యెను. ఒక ముక్క రేకులకు తగిలి ఎటో పోయెను.

"మత్తన్నా, గాలం పట్టుకున్న్యావా, బోరు పైపు పట్టుకున్న్యావా?" గోడ మీదినుండి ప్రశ్న వచ్చెను.

వినీత్ బుల్లి వైసును మామ వైపు తిప్పి, మరియొక గాలమును బిగించి ఇచ్చెను. మత్తయి దానిని చూడనట్లు నటించుచునే దాని ముందర కూర్చుండెను.

ఇక వినుడు ద్వితీయసంగ్రామము! కళ్లద్దములు ముక్కు కొసకు జార్చి, ఊపిరి బిగబట్టి, గాలపు కాడ మీద సోల్డరు తీగను ఒక చుట్టు పక్కన ఒక చుట్టుగా, వెంట్రుకవాసి సందు లేకుండ, వరుసకట్టి నిలిచిన సేన వలె చుట్టెను. ఆహా, ఆ వేళ్లు పాతవిద్యను మరువలేదు! దాని మీద దారము పరచెను. తోకగా ఈకపోగులు నిలిపెను. నడుమునకు ఈకను చుట్టి, దాని మీద రాగితీగను మరచుట్ల వలె నడిపించెను. పురుగునకు పొట్ట వచ్చెను, నడుము వచ్చెను. "బాగుండాది మామా," అనెను వినీత్, ఈమారు నవ్వక. మత్తయి మీసము తనంతట తానే పైకి లేచెను.

అయ్యో, అక్కడనే విధి పొంచియుండెను! వైండింగు విద్యలో ఒక నియమము కలదు. తీగ చుట్టి ముగించిన పిమ్మట, కరెంటు పారుటకై దాని కొసను బ్లేడుతో గీకి ఎనామిలు పూతను తీయవలెను. జీవితమంతయు చేసిన పని గనుక బుద్ధికి చెప్పకుండగనే చేయి బ్లేడును అందుకొనెను. గీకెను. రాగికొస తళతళ మెరిసెను. బ్లేడు జారి పక్కనున్న దారమును కోసెను. మరుక్షణము ఈకలు విచ్చుకొనెను, తీగ సడలెను, సేన చెల్లాచెదరయ్యెను, కష్టపడి పుట్టిన పురుగు కళ్లముందరనే కుప్ప అయ్యెను.

"ఎందుకు గీకినావ్ నాయనా?" అని జ్యోత్స్న నోరు తెరిచెను. "దానికి కరెంటేమన్నా ఇస్తావా?"

పుల్లయ్య గోడ వెనుకకు వంగి నవ్వెను. సారమ్మ నవ్వలేదు. భర్త చేతిలోని బ్లేడును చూచి ఆమె గరిటెను దించెను.

"సాల్లేయ్యా," అనెను మెల్లగా. "బస్సుకు టైమయితాంది, పిల్లోల్లని పోనీ."

ఆ జాలి పందెము కంటె భయంకరము. బ్యాగులు వాకిట సిద్ధముగా ఉండెను. అంతట వినీత్ ఇంకొక గాలమును వైసులో బిగించి, "ఈ బస్సు పోతే ఇంగోటి ఉంటాది అత్తా. కట్టు మామా," అనెను.

బస్సుల వేళలు తెలియని మొద్దు, అని మత్తయి మనస్సున వంక పెట్టబోయి, ఎందుకో సగములో ఆగెను. బ్లేడును తీసి సారమ్మ చేతిలో పెట్టెను. "ఇది నీకాడ పెట్టుకో. అడిగినా ఇయ్యాకు."

తృతీయసంగ్రామమును వర్ణింప ఎవరి తరము! మరల సోల్డరు సేన నిలిచెను. మరల తోక మొలిచెను, కాని తొందరలో కొంచెము వంకరగా మొలిచెను. మరల రాగితీగ నడుము చుట్టి వచ్చెను. చుట్టు ముగియగానే వీరుని కుడిచేయి బ్లేడు కొరకు బల్ల మీద తడిమెను. ఏమియు దొరకక సిగ్గుపడి వెనుకకు వచ్చెను. మిగిలినది ముడి ఒక్కటే. ఆ ముడి మత్తయికి తెలియదు. వైండింగులో తీగకు వార్నీషు పోసి వదులుదురే గాని ఇట్టి ముడి వేయరు. చెమట కనురెప్పల మీదికి జారెను. చేతిలో దారము వదలిన మరుక్షణము అంతయు పోవును. మూడు దశాబ్దములుగా ఎవరిని ఏమియు అడగని నోరు, ఇనుపతలుపు తెరుచుకొనినట్లు కిర్రుమని తెరుచుకొనెను.

"అల్లుడా... ముడి ఎట్లేసేది?"

ఆ మాటకు పుల్లయ్య సైతము గోడ మీదినుండి మెడ చాచి చూచెను.

"దారాన్ని దాని మీదనే సుట్టు మామా. ఆ... ఇంగ నాలుగు సుట్లు. ఇప్పుడు కొస లోపలికి లాగు. మెల్లగా."

"వేరేవోల్లు సెప్తే ఒప్పుకుంటావామ్మే?" అని మత్తయి తల ఎత్తకయే సారమ్మను అడిగెను.

"అడిగినావు సూడు, అదే సాలు. లాగు లాగు!"

లాగెను. ముడి కూర్చుండెను.

సారమ్మ పురుగును అందుకొని, తోకను గోళ్లతో పట్టి, దయాదాక్షిణ్యములు లేక లాగెను. ఊడలేదు. తిప్పి లాగెను. ఊడలేదు. జ్యోత్స్న నీళ్ల బకెట్టు తెచ్చి నడుమ పెట్టెను. అల్లుని, కూతురిని, గోడ మీది పుల్లయ్యను సాక్షులుగా నిలిపి, మత్తయి పురుగును నీటి మీద విడిచెను.

తేలెను!

"తేల్తాంది రోయ్! మత్తన్న పురుగు ఈత కొడ్తాంది!" పుల్లయ్య కేక వీధి చివర వరకు పోయెను.

ఓడితిననుకొనెను మత్తయి. ఈ పొద్దుతో మాట ముగిసెను. రేపటి నుండి రంగు సరిగా లేని గోడను చూచియు బాగుండాది అనవలెను. ప్రసంగము ఎంత సాగినను ఆమెన్ అనవలెను. "ఉండప్పా," అనెను వినీత్ పుల్లయ్యతో, "పొడి ఈక గదా. నానల్ల." నాలుగు తలలు బకెట్టు మీదికి, అయిదవది గోడ మీదుగా వంగెను. ఈక మెల్లగా తడిసెను. దాని సందులలో దాగిన గాలి చిన్న బుడగయై బయటికి వచ్చెను. పురుగు ఒక పక్కకు ఒరిగెను, తల వంచెను, సోల్డరుసేనాభారము లోపలినుండి లాగగా, నీటిని చీల్చుకొనుచు దిగి, దిగి, బకెట్టు అడుగును తాకెను.

"మునిగిపాయ!" అని జ్యోత్స్న చప్పట్లు కొట్టెను.

"మునిగిందిలే," అని సారమ్మ ఒప్పుకొనెను. "గెలిస్తివి. ఇంగ పెట్టుకో నీ వంకలు, ఎవురొద్దంటారు."

విజేతయైన మత్తయి కళ్లద్దములు సవరించుకొని, తిరిగి దక్కిన నోటిని తక్షణమే ప్రయోగింపదలచి, అల్లుడు కట్టిన నింఫ్‌ను అరచేత పెట్టుకొని పరికించెను. తిప్పి చూచెను. వెలుతురుకు ఎత్తి చూచెను. తోక నిటారు, చుట్లు సమము, ముడి కనబడనంత సన్నము. అందరు వేచియుండిరి. వెదకివెదకి వీరుని కళ్లు నీళ్లు కారెను గాని వంక దొరకలేదు. అప్పుడు బకెట్టులో చేయి పెట్టి తన పురుగును పైకి తీసి, దాని పక్కన పెట్టి చూచి, కనుబొమలు ముడిచి, ఇట్లు ప్రకటించెను:

"ఈ తోక ఎవుడు కట్నాడో గానీ, వానికి కండ్లుండాయా? అంతా వంకరే!"

నంద్యాల బస్సు వెళ్లిపోయెను. తరువాతి బస్సు వచ్చువరకు ఆ వంకరతోకను గూర్చి మత్తయి ఆపకుండ తిట్టెను, వినీత్ ఊ కొట్టుచు వినెను, సారమ్మ వారికి టీ పెట్టెను. కావున సర్వజనులకు ప్రకటించునది ఏమనగా: ఆళ్లగడ్డ పట్టణమున, నీళ్లు సగమే ఉన్న ప్లాస్టిక్ బకెట్టులో, ఒక చేప కూడ చూడని ఒక పురుగు, మొట్టమొదట కాసేపు తేలినప్పటికిని, చివరకు మునిగెను!