మడుగు కేసులో ముద్దాయి బొగ్గు

భూమ్మీద ఇంతవరకు పుట్టిన అపరాధ పరిశోధకులందరినీ వరసగా నిలబెడితే, అందరికంటే ముందుండేవాడు మా బావమరిది. కావాలంటే ఒట్టేసి చెబుతాను. డేగకన్ను అని తనకు తనే బిరుదిచ్చుకున్నాడు. ఆ కంటికి సీసా అడుగంత మందం అద్దాలుంటాయి, అది వేరే సంగతి.

మా వాషింగ్ మిషన్ ముందు రోజూ నీళ్ళ మడుగు కనబడుతోంది. ఆ పక్కనే మా ముసలి కుక్క బొగ్గు పడుకుంటుంది. ఇంకేం, మా ఆవిడ తీర్పు చెప్పేసింది.

"ఇక తుడవడం నావల్ల కాదండీ. రేపు దీన్ని మా చెల్లెలింటికి పంపించేస్తున్నా."

"ఇన్నేళ్ళు నా కాళ్ళ దగ్గర పడుకున్న ప్రాణమే!"

"అయితే మీరూ వెళ్ళండి, తోడుగా."

గతిలేక డేగకన్నుకు కబురు పెట్టాను.

వస్తూనే మడుగు ముందు గొంతుక్కూర్చున్నాడు. "ఎవరూ కదలొద్దు! బావా, దీని వెనక పెద్ద ముఠా ఉంది."

"దీని వెనక మిషన్ ఉందిరా."

వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"సబ్బు రుచి!"

"హమ్మయ్య! అంటే కుక్క కాదన్నమాట."

"తొందరపడకు బావా. అంటే కుక్క సబ్బు తిన్నదన్నమాట!"

బొగ్గును ఎదురుగా కూర్చోబెట్టి ఉరిమాడు. "నిన్న పొద్దున ఎక్కడున్నావ్?"

బొగ్గు ఆవులించింది.

"చూశావా! ఆరితేరిన నేరస్థుడి మౌనం!"

"ఒరేయ్, దాన్ని విడిపించడానికొచ్చావా, ఇరికించడానికొచ్చావా?"

మిగిలిన సబ్బు ఎక్కడ దాచిందో చూస్తానని మిషన్ తలుపు తెరిచి, లోపలికి తల దూర్చాడు. మూతి చుట్టూ ఉన్న రబ్బరు అంచును వేళ్ళతో తడిమి, ఒక్క కేక పెట్టాడు. "వైరు! టైంబాంబు! బావా, అక్కను తీసుకుని పారిపో!"

అది రబ్బరును పట్టి ఉంచే బిగింపు తీగ. నేను చెప్పేలోపే బలంగా లాగాడు. తీగ ఊడింది, దాంతోపాటు రబ్బరు అంచూ ఊడింది. వాడు వెల్లకిలా మడుగులో పడ్డాడు.

చప్పుడుకి మా ఆవిడ పరుగెత్తుకొచ్చింది. తెరుచుకున్న రబ్బరు మడతలో, అడుగున, ఇంత చీలిక. చీలికలో గుచ్చుకున్న పిన్నీసు. పిన్నీసుకు రేకు బిళ్ళ. బిళ్ళ మీద "డిటెక్టివ్".

"ఇది నీ చొక్కాదేగా! ఉతకమని నా మొహాన పడేసేముందు తియ్యాలని తెలీదురా నీకు?"

డేగకన్ను నీళ్ళోడుతూ లేచి ఛాతీ విరిచాడు. "అక్కా, నేరస్థుడు ఎంతటివాడైనా నా చేతికి చిక్కాల్సిందే!"

మెకానిక్ వచ్చి కొత్త రబ్బరు తొడిగాడు. నీళ్ళు పోయే రంధ్రాలు కిందికొచ్చేలా సర్ది, అంచుకు సబ్బునీళ్ళు రాసి, తీగ బిగించాడు. సాయం పట్టబోయిన డేగకన్నుతో, "సార్, మీరు అక్కడే ఉండండి, అదే పెద్ద సాయం" అన్నాడు. మిషన్ తిరిగింది. నేల పొడిగా ఉంది. మా ఆవిడ బొగ్గు తల నిమిరి, "అనవసరంగా నిన్నన్నానే తల్లీ" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది. బొగ్గు నేరుగా డేగకన్ను దగ్గరికి నడిచి, కృతజ్ఞతతో వాడి చెయ్యి నాకింది.

మొదట్లో వేసిన ఒట్టు గట్టున పెడుతున్నాను. ఆ వరసలో వాడిది ఆఖరు చోటు, అదీ ఎవరైనా జాలిపడి పక్కకు జరిగితే. తక్కినదంతా నిజమే, చెయ్యి నాకిందన్న ముక్క తప్ప. అది నా కల్పన. బొగ్గు వెళ్ళింది, వాడి చెప్పు వాసన చూసింది, తీరిగ్గా పని కానిచ్చింది.

"మళ్ళీ నీళ్ళేమిటండీ అక్కడ?" అంది మా ఆవిడ, వంటింటి గుమ్మంలోంచి.

బావా బావమరుదులం ఒక్క గొంతుతో అన్నాం: "కొత్త రబ్బరు కదా, ఇంకా సర్దుకోవాలి!"